దారిలో శక్తి తగ్గిపోతున్న ఎలక్ట్రిక్ కారు: లోపం మోటారుదేనా?

ప్రశ్న (నల్లగొండ)

మా ఎలక్ట్రిక్ కారు కొని మూడేళ్లు దాటింది. ఈ వేసవిలో మిర్యాలగూడ నుంచి తిరిగి వస్తుండగా డ్యాష్‌బోర్డు మీద తాబేలు గుర్తు వెలిగింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా వేగం నలభై దాటలేదు. పక్కకు ఆపి, ఆఫ్ చేసి, కాసేపాగి ఆన్ చేస్తే ఏమీ జరగనట్టే నడిచింది. నకిరేకల్ దగ్గర మళ్లీ ఇదే తంతు. సర్వీస్ సెంటర్ వారు ఎర్రర్ కోడ్ చెరిపేసి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామని చెప్పి పంపించారు. ఇప్పుడు అరవై దాటితే ముందు వైపు నుంచి హోరు కూడా వినిపిస్తోంది. మోటారు పోతున్నట్టేనా?

జవాబు (మహబూబ్‌నగర్)

శక్తి తగ్గడాన్ని, హోరును ఒకే గాటన కట్టకండి. బ్యాటరీ, దాని కరెంటును మోటారుకు తగినట్టు మార్చే ఇన్వర్టర్, మోటారులలో ఏది అతిగా వేడెక్కినా, హై వోల్టేజ్ వైరింగ్‌లో ఇన్సులేషన్ తగ్గినా, చివరికి 12 వోల్టుల చిన్న బ్యాటరీ నీరసించినా కారు కంప్యూటర్ ఆ భాగాలను కాపాడటానికి శక్తిని తగ్గించేస్తుంది. నా అనుమానం ముందుగా ఆ చిన్న బ్యాటరీ మీదనే. కారు రెడీలో (ఆన్ చేసి, కదలడానికి సిద్ధంగా) ఉన్నప్పుడు మల్టీమీటరుతో దాని వోల్టేజ్ చూడండి. సాధారణంగా 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. పన్నెండు దగ్గరే ఆగిపోతే పెద్ద బ్యాటరీ నుంచి దాన్ని ఛార్జి చేసే డీసీ-డీసీ కన్వర్టరును పరీక్షించమని అడగండి. హై వోల్టేజ్ ఉండే నారింజ రంగు కేబుళ్ల జోలికి మాత్రం వెళ్లవద్దు.

హోరు సంగతికొస్తే, ఖాళీ రోడ్డు మీద ఆ వేగంలో న్యూట్రల్‌లో వేసి వినండి. అప్పుడూ అలాగే ఉంటే చక్రం బేరింగో టైరో కావచ్చు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, రీజెన్ (వేగం తగ్గేటప్పుడు మోటారే కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపడం) పనిచేసేటప్పుడు మాత్రమే వస్తే గేరుబాక్సును అనుమానించాలి.

జవాబు (సూర్యాపేట)

కన్వర్టరు మీద అనుమానం నిరాధారం కాదు. 2024లో హ్యుందాయ్ సంస్థ మన దేశంలో 1,744 అయానిక్ 5 కార్లను వెనక్కి పిలిపించింది కూడా ఆ కన్వర్టరు కూడా కలిసి ఉండే ఛార్జింగ్ కంట్రోల్ యూనిట్ లోపం వల్ల 12 వోల్టుల బ్యాటరీ దిగిపోవచ్చన్న కారణంతోనే. మరో మాట: బండి దారిలో పూర్తిగా ఆగిపోతే తాడు కట్టి లాగించకండి. చక్రాలతో పాటు మోటారు తిరిగి కరెంటు పుట్టిస్తుంది. ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించడమే క్షేమం.

జవాబు (నల్లగొండ)

కోడ్ చెరపడానికి ముందే దాని ప్రింటు తీసుకుని, మీ ఫిర్యాదును జాబ్ కార్డులో (సర్వీస్ సెంటర్ వారు బండి తీసుకునేటప్పుడు రాసే కాగితం) మీ మాటల్లోనే రాయించండి. నోటి మాటగా చెప్పినది తర్వాత ఎవరూ ఒప్పుకోరు. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తాయి గాని, కన్వర్టరు అందులోకి వస్తుందో లేదో పుస్తకంలో చూసుకోవాలి. అప్పటికీ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. కారు ధర 50 లక్షల లోపే అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే, వివాదానికి కారణం ఏర్పడినప్పటి నుంచి రెండేళ్లు దాటకుండా, కేసు వేయవచ్చు.

ప్రశ్న అడిగినవారు

న్యూట్రల్‌లోనూ హోరు తగ్గలేదు కాబట్టి అది చక్రం వైపుదే అనుకుంటున్నాను. రెడీలో వోల్టేజ్ మాత్రం 12.1 చూపించింది. ఈ రెండూ విడివిడిగా జాబ్ కార్డులో రాయించి, కోడ్ ప్రింటు తీసుకున్నాకే బండి అప్పగిస్తాను.