టమాట చెట్లు ఎన్ని పెట్టాలె? నారు 83 మొలిచింది, ఇంట్ల ఉన్నది ఇద్దరం

రైట్‌రైట్, హన్మకొండ

అందరికి నమస్తే. ఆర్టీసీల కండక్టర్‌గ చేసి రిటైరైన. సుబేదారి దిక్కు పాత డాబా ఇల్లు మాది. ఇంట్ల నేను, మా ఆమె. కొడుకు, కోడలు హైదరాబాద్‌ల ఉంటరు. పదిహేను రోజులకోసారి వస్తరు, పోయేటప్పుడు సంచి నింపి పంపాలె. కరీంనగర్‌ల ఉన్న బిడ్డది గూడ అదే లెక్క.

2023 జులైల టమాట కిలో నూరు దాటింది యాదికుందా? అప్పుడు మా ఇంట్ల చారుల టమాట బంద్ అయ్యింది. మనమే పెట్టుకుందామని ఆనాడే అనుకున్న. అనుకుంటనే ఏండ్లు గడిచినయి. ఈసారి జులై మొదట్ల అర్క రక్షక్ విత్తనం తెప్పించి, 98 గుంతల ట్రేల నారు పోసిన. నిండ సగం గూడ మొలుస్తయనుకోలే. 83 మొలిచినయి! ఇయ్యాల్టికి 27 రోజులు, జానెడు పొడుగైనయి.

మా ఆమె పది చాలు అంటది. నేను నలభై అంటున్న. చెట్టుకు 18 కిలోలు కాసిందని ఒక వీడియో చూసిన. ఆ లెక్కన నలభై చెట్లకు 720 కిలోలు, గంప నెత్తిన పెట్టుకొని కుమార్‌పల్లి మార్కెట్ల కూసోవాలె. అది నిజం కాదని నాకు గూడ తెలుసు, మరి నిజం ఎంత?

ఇంకో మాట దాచకుంట చెప్త. మేడారం జాతర స్పెషల్ల డ్యూటీ చేసినోన్ని. రోడ్డు మీద చెయ్యెత్తిన మనిషిని ఇడిసిపెట్టి రైట్ రైట్ అనుడు నాకు రాలే. ఈ నారు ముందల కూసుంటే గూడ అదే బాధ, ఏ ఒక్కదాన్ని దించబుద్ధి కాదు.

ఉన్న సామాను: 20 లీటర్ల పెయింట్ బకెట్లు 22, కింద ప్రహరీ గోడ పక్కన పన్నెండడుగుల జాగ. మా గల్లీల నల్లా రోజు విడిచి రోజు వస్తది. కోతుల సంగతి వేరే చెప్పాల్నా.

—

బంతిపూల అక్క, జనగామ

అన్నా, ముందుగాల ఇంట్ల టమాట ఎంత పోతుందో చూసుకోవాలె. మీ ఇద్దరికి పప్పు, చారు, వారంల ఒక్కనాడు కోడిగుడ్డు కూర అంటే వారానికి కిలోన్నర. సంచుల లెక్క: ఒక్కో సంచిల మూడు కిలోలు పెట్టినా, రెండు సంచులు పదిహేను రోజులకు ఆరు కిలోలు, అంటే వారానికి మూడు. మొత్తం నాలుగున్నర, ఐదు అనుకో.

బకెట్ చెట్టు సంగతి నా అనుభవంల చెప్త. మంచిగ చూసుకుంటే ఒక్క చెట్టుకు మొత్తం మీద రెండు, రెండున్నర కిలోలు. తెంపుడు మొదలైనంక ఆరేడు వారాలు కాస్తది. అంటే వారానికి చెట్టుకు పావుకిలో దాటి కొంచెం, మూడొందల యాభై గ్రాములు. ఐదు కిలోలు కావాలంటే పద్నాలుగు చెట్లు. ఆకుముడతకు ఒకటి రెండు పోతయని పదహారు పెట్టు. నలభై వద్దు.

ఎందుకంటే చెట్టు వారం వారం సమానంగ ఇయ్యదు. మొదటి వారం నాలుగు కాయలిచ్చి ఊరిస్తది. మూడో వారం, నాలుగో వారం ఒక్కసారి ఎర్రబడ్డయంటే సగం పంట అప్పుడే వస్తది. నేను మొదటి ఏడు ముప్పై చెట్లు పెట్టిన. నవంబర్‌ల ఇంట్ల ఏ గిన్నె చూసినా టమాటే. పది కిలోలు కోసి ఉప్పు పట్టించి ఒరుగులు పోసిన. సరిగ్గ మూడో రోజు మబ్బు పట్టి బూజొచ్చింది. అంత కష్టపడి చాటెడు పారబోసిన. మా అత్తమ్మ ఇప్పటికీ ఆ మాట తీస్తది.

నాలుగు బకెట్లల్ల బంతి పెట్టు. కాయ తొలిచే పురుగు ముందు బంతిపూల మీదికి పోతది. ఎట్లైనా బతుకమ్మకు పూలు కొంటరు గద, ఆ పైసలు మిగులుతయి.

—

పరకాల రైతుబిడ్డ

కాకా, అక్క చెప్పిన లెక్క మంచిదే. కాని మీరిద్దరు ఒక్కటే కాపు లెక్క చేస్తున్నరు. ఎన్ని అనే ముచ్చట కంటే ఎప్పుడు అనేది పెద్ద ముచ్చట.

ముందు ఆ 18 కిలోల సంగతి. అర్క రక్షక్ బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల హైబ్రిడ్. ఆకుముడత వైరస్, వేర్ల నుంచి వచ్చే వాడు తెగులు, ఆకుమచ్చ, మూడింటిని తట్టుకుంటది, మంచి రకమే. కాని అంత కాపు డ్రిప్పు పెట్టి, నీళ్లల్ల ఎరువు పంపి, కట్టెలు పాతి తీగ కట్టిన చేన్ల మాట. ఇరవై లీటర్ల మట్టిల వేర్లు ఎటు పోతయి? బకెట్‌కు అక్క చెప్పిన రెండున్నరే ఖాయం చేసుకో.

ఇగ నీ అసలు కోపం 2023 జులై మీద ఉన్నది గద. ఆ కోపం ఈ నారుతోని తీరదు. జులైల కాయ కావాలంటే మే నెలల పూత నిలవాలె. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి గూడ ఉక్కపోస్తే పూత రాలుతది. మన దగ్గర మేల 43, 44 చూస్తం. మా చేన్ల టమాట ఏప్రిల్‌ల కూలబడుతది. అప్పుడు మనకు మదనపల్లి దిక్కు కాయ రావాలె, అక్కడ గూడ తక్కువైతే ధర ఎగురుతది. అదే ఏడు సెప్టెంబర్‌ల ఏమైంది? మళ్ల నాలుగైదు రూపాయలకు పడిపోయి రైతులు రోడ్ల మీద పోసిండ్రు. నీకు ధర కండ్ల పడ్డది, మాకు రోడ్డు కండ్ల పడ్డది.

నా మాట వింటే ఇప్పుడు పన్నెండే పెట్టు. అవి అక్టోబర్ నడుమ నుంచి తినేదానికి. మళ్ల అక్టోబర్‌ల ఇంకో నారు పోసి, నవంబర్‌ల పదో పన్నెండో పెట్టు. రెండో కాపు జనవరి చివర నుంచి మార్చి దాక వస్తది. అక్క ఒరుగులు చెడింది నవంబర్ మబ్బుకు. ఫిబ్రవరి ఆఖరు ఎండకు నాలుగు రోజుల్ల గలగలలాడుతయి. పది కిలోలు ఎండితే కిలో గూడ ఉండదు, ఒక్క సీసల పడతయి. ఆ సీస జులైల తీసి పప్పుల వెయ్యి. నీ ఇంటికి చెట్ల సంఖ్య తేల్చేది ఆ సీసనే.

—

మూడో అంతస్తు, నయీంనగర్

ఇద్దరు తిండి లెక్క చెప్పారు, నేను మోసే లెక్క చెప్తాను సార్. తడిసిన మట్టితో 20 లీటర్ల బకెట్ పాతిక కిలోలకు తక్కువ ఉండదు. నలభై అంటే టన్ను. పాత డాబా అంటున్నారు, బకెట్లన్నీ ఒక్క దగ్గర గుంపుగా పెట్టకండి. గోడలు, బీముల మీదుగా వరుసలో పెట్టండి.

కాపు మీదున్న చెట్టుకు రోజుకు లీటరున్నర నీళ్లు కావాలి. నలభై చెట్లకు అరవై లీటర్లు, మెట్లెక్కి మోయాలి. నల్లా రాని రోజు ఎండగట్టి, వచ్చిన రోజు బకెట్ నిండా పోస్తే కాయ అడుగున నల్లగా, తోలులా కుంగిపోతుంది. నేను మొదట రోగమనుకొని మందు కొట్టాను. రోగం కాదు. నీళ్లు ఒక రోజు కరువు, ఒక రోజు వరద అయితే కాయకు కాల్షియం అందదు. ఏ నాగా లేకుండా మీరు రోజూ ఎన్నింటికి పోయగలరో అన్నే పెట్టండి.

కోతుల వాటా కోసం పది చెట్లు ఎక్కువ పెడదామని మాత్రం అనుకోకండి. నేను అనుకున్నాను. అవి వాటా తినవు, పచ్చికాయ తెంపి ఒక్క కొరుకు కొరికి కింద పడేసి ఇంకోటి తెంపుతాయి. పద్నాలుగు చెట్లయితే నైలాన్ వల కట్టగలం, నలభైకి కట్టలేం.

—

రైట్‌రైట్, హన్మకొండ

అందరికి దండాలు. మీ జవాబులు మా ఆమెకు చదివి వినిపించిన. పది అన్న మనిషి పద్నాలుగుకు ఒప్పుకుంది. ఆమె క్యాలెండర్ మీద పాల లెక్క పక్కన మూడు వారాలు టమాట లెక్క గూడ రాసిందట, నాకు తెల్వదు. వారానికి కిలో ముప్పావు. జనగామ చెల్లె దగ్గర్దగ్గర కరెక్ట్ చెప్పింది.

పన్నెండు బకెట్లల్ల, రెండు గోడ పక్కన. నాలుగు బకెట్లు బంతికి. మిగిలిన ఆరు బకెట్లు రెండో కాపు కోసం మట్టి నింపి పెట్టిన, నవంబర్‌కు ఇంకో నాలుగు సంపాదించాలె. పరకాల తమ్మీ, అక్టోబర్‌ల నారు పోసేటప్పుడు ఇరవై గుంతలే నింపుత, ఒట్టు. మిగిలిన 69 మొక్కలు పొద్దున వాకింగ్‌ల ఛాయ్ డబ్బా కాడ పంచిన అని మా ఆమెకు చెప్పిన.

సాయంత్రం మా ఆమె బట్టలు తీయనీకి పైకి పోయింది. నీళ్ల ట్యాంకు వెనుక, పగిలిన పాత కుండల్ల ఇంకో ఐదు దొరికినయి. కిందికొచ్చి "పంచినవి ఎన్ని?" అని మళ్ల అడిగింది. నేను 69 అన్న. ఏమనలే, క్యాలెండర్ కాడికి పోయి 64 అని రాసింది.

నేను సర్వీసుల ఎన్నో చెకింగ్‌లు చూసిన గని, గిట్ల ఎన్నడు దొరకలే.