హోల్స్ట్ ఋగ్వేద గీతాలు: వేదాన్ని ఇంగ్లీషు బాణీలో పాడించడం సబబేనా?

పాత రికార్డు:
ఇంగ్లీషు స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ అనగానే అందరికీ గ్రహాల మీద ఆయన రాసిన ఆర్కెస్ట్రా రచన ‘ది ప్లానెట్స్’ ఒక్కటే గుర్తొస్తుంది. 1874లో ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో పుట్టిన ఈ మనిషి ఆ గ్రహాల జోలికి వెళ్లకముందు పదేళ్లకు పైగా మన సంస్కృతాన్ని పట్టుకుని కూర్చున్నాడన్న సంగతి చాలామందికి తెలియదు. అప్పటికే ఉన్న ఇంగ్లీషు అనువాదాలు నచ్చక, లండన్‌లో మేబెల్ బోడ్ అనే విదుషి దగ్గర అక్షరాల నుంచి మొదలుపెట్టాడు. నిఘంటువు పక్కన పెట్టుకుని సూక్తాలను తానే ఇంగ్లీషులోకి తెచ్చుకుని బాణీలు కట్టాడు. 1908, 1912ల మధ్య ఋగ్వేద బృందగీతాలు నాలుగు సంపుటాలు రాశాడు. మొన్న వీటిని వినిపిస్తే మా మిత్రుడొకాయన “వేదాన్ని హార్ప్ (పాశ్చాత్య తీగవాద్యం) మీద పాడించడం అపచారం” అని లేచి వెళ్లిపోయాడు. నాకు మాత్రం అందులో శ్రద్ధ తప్ప అపచారం కనబడలేదు. మీరేమంటారు?

వేదాధ్యాయి:
మీ మిత్రుడి బాధ నాకు అర్థమవుతుంది. మనకు వేదంలో మాట ఎంతో స్వరం అంత. ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం అనే గొంతు హెచ్చుతగ్గులు తప్పితే అర్థమే తిరగబడుతుంది. ‘ఇంద్రశత్రు’ కథ వినే ఉంటారు. ఇంద్రుణ్ణి చంపేవాడు పుట్టాలని త్వష్ట హోమం చేసి, ఆ ఒక్క మాటలో స్వరం తప్పాడు. ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు పుట్టాడు. అంత పట్టుదలగా గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి దాటుకుంటూ వచ్చినదాన్ని, మాట మార్చి, స్వరం వదిలేసి, మిగిలిన భావానికి వేదమని పేరు పెడితే ఎలా ఒప్పుకునేది? ఆయన శ్రద్ధను నేను కాదనను. నా అభ్యంతరమల్లా ఆ పేరు మీదే.

వయొలిన్ టీచర్:
వేదాధ్యాయి గారూ, ఒక్క మాట. మా పిల్లలకు నేను మొదట్లోనే నేర్పే పాటల్లో ‘సంతతం పాహిమాం సంగీత శ్యామలే’ ఒకటి. ముత్తుస్వామి దీక్షితుల నొట్టు స్వరం. ఆ బాణీ ఎవరిదో మీకు తెలుసు: ఇంగ్లండు రాజుకు పాడే ‘గాడ్ సేవ్ ద కింగ్’. కంపెనీ వాళ్ల బ్యాండు వాయించే ట్యూన్లు విని, వాటిలో సంస్కృతం పొదిగి అమ్మవారికి సమర్పించారు దీక్షితులు. మనం దాన్ని అపచారం అనలేదు, నెత్తిన పెట్టుకున్నాం. ఆయన అటు నుంచి తెచ్చుకుంటే సరైనది, హోల్స్ట్ ఇటు నుంచి పట్టుకెళితే తప్పు ఎలా అవుతుంది?

వేదాధ్యాయి:
రెండూ ఒకటి కావండీ. దీక్షితులు ఆ బ్యాండును చెవులారా విన్నారు. హోల్స్ట్ మన దేశంలో అడుగే పెట్టలేదు. పైగా దీక్షితులు బాణీని బాణీగానే ఉంచి సొంత మాట వేశారు. ఈయన మన మాటను మార్చాడు, మన నాదాన్ని పక్కన పెట్టాడు. ఇక మనది అనుకోవడానికి మిగిలిందేమిటి?

పాత రికార్డు:
నేను మెచ్చుకునేది సరిగ్గా అక్కడేనండీ. వినని రాగాన్ని విన్నట్టు ఆయన నటించలేదు. 1900లో మొదలుపెట్టి ఆరేళ్లు ‘సీత’ అనే మూడంకాల ఒపెరా (పాటల నాటకం) రాశాడు. పోటీకి పంపితే బహుమతి రాలేదు. అది జర్మన్ ఒపెరా స్వరకర్త వాగ్నర్ తరహా ఉత్త అరుపులని తర్వాత తానే తీసిపారేశాడు. ఆ తప్పు దిద్దుకుని 1908లో రాసిన ‘సావిత్రి’ వినండి. మొత్తం అరగంట. పాత్రలు మూడే: సావిత్రి, సత్యవంతుడు, మృత్యువు. వాద్యగాళ్లు పన్నెండు మంది. తెర వెనక నుంచి మృత్యువు గొంతు ఒంటరిగా మొదలవుతుంది, కింద శ్రుతి లేదు, తోడు వాద్యం లేదు. దానికి సావిత్రి గొంతు వచ్చి కలుస్తుంది గానీ, ఇద్దరి శ్రుతులూ కలవవు. ఆయన వేరే లోకం నుంచి వస్తున్నాడు, ఈమె ఈ లోకంలో నిలబడి ఉంది. నేను మొదటిసారి విన్న రాత్రి దీపం వేయాలని కూడా తోచలేదు. రాగం లేదు, తాళం లేదు, అయినా యముడు గుమ్మంలోకి వచ్చినట్టే ఉంది. మన సంగీతాన్ని అనుకరించి ఉంటే ఇది వచ్చేదే కాదు.

గట్టు మీద శ్రోత:
సావిత్రి దగ్గర నాకూ ఒక పేచీ ఉంది. భారతంలో, మన తెలుగులో అయితే ఎర్రన పూరించిన అరణ్యపర్వ శేషంలో, ఆమె గెలిచేది మాటకారితనంతో. మామగారికి చూపు, రాజ్యం, తండ్రికి కొడుకులు, చివరికి తనకు కొడుకులు అని ఒక్కో వరం అడుగుతూ యముణ్ణి ఇరికిస్తుంది. చిన్నప్పుడు హరికథలో ఆ ఘట్టం వస్తే పందిరంతా నవ్వేది, చప్పట్లు కొట్టేది. హోల్స్ట్ ఆ వరాల వరస మొత్తం తీసేశాడు. ఆయన సావిత్రి తనకు బతుకు కావాలంటుంది. మృత్యువు సరేనన్నాక, సత్యవంతుడు లేనిది బతుకే కాదంటుంది. మృత్యువు వెనుదిరుగుతాడు, తాను కూడా మాయే అంటాడు. వేదాంతం బాగుంది గానీ, మన ఆడబిడ్డ తెలివి ఎటు పోయింది?

వయొలిన్ టీచర్:
తెలివి పోలేదు, నూరు వరాలు ఒక్క వరంలో ఇమిడాయి. అరగంటలో అన్నీ అడిగించడం ఎవరి తరం? ఇంకో సంగతి గమనించారా? ‘సావిత్రి’లో కనబడకుండా మాటల్లేకుండా పాడే ఆడగొంతుల బృందం ఒకటుంది. 1918లో మొదటిసారి వినిపించిన ‘ది ప్లానెట్స్’ చివరి భాగం నెప్ట్యూన్‌లోనూ అదే. పక్క గదిలో ఆడవాళ్లు పాడుతుంటే తలుపు మెల్లగా మూస్తారు, పాట ఎక్కడ ఆగిందో తెలియదు. మేఘసందేశం మీద రాసిన ‘ది క్లౌడ్ మెసెంజర్’ 1913లో లండన్‌లో దెబ్బతింటే, మనసు బాగోక మిత్రులతో స్పెయిన్ వెళ్లాడు. అక్కడ ఆ మిత్రుల్లో ఒకడైన క్లిఫర్డ్ బాక్స్ జ్యోతిషం సంగతి ఎత్తాడు. గ్రహాలు అలా పుట్టాయి. సంస్కృతాన్ని అక్కడితో వదిలేశాడని పుస్తకాలు రాస్తాయి. నా చెవికి మాత్రం వదిలినట్టు అనిపించదు. మన దీక్షితుల ‘అంగారకమాశ్రయామ్యహం’ సురటి రాగంలో చల్లగా సాగుతుంది. హోల్స్ట్ కుజుడు అయిదేసి దెబ్బల లయలో యుద్ధం తెస్తాడు. ఒకే గ్రహం, ఒకరికి శరణు, ఒకరికి భయం. పక్కపక్కన పెట్టి వినండి, ఎంత బాగుంటుందో.

వేదాధ్యాయి:
నిన్న రాత్రి మొదటి సంపుటంలోని ‘టు ది అన్‌నోన్ గాడ్’ విన్నాను. అది మన హిరణ్యగర్భ సూక్తం. ఆఖరి ఋక్కు తప్ప ప్రతి ఋక్కు చివరా ‘కస్మై దేవాయ హవిషా విధేమ’ అని అడుగుతుంది, ఏ దేవుడికి ఈ హవిస్సు ఇవ్వాలని. ఆ ప్రశ్న ఆయనకు అందింది, అది ఒప్పుకుంటాను. అయినా దాన్ని వేదం అనను, వేదం చదివినవాడి పాట అంటాను. ఎప్పుడైనా వీటి కచేరీ పెడితే కరపత్రం మీద ఆ మాటే వేయించండి, ముందు వరసలో వచ్చి కూర్చుంటాను. ఆడపిల్లలు హార్ప్‌తో పాడేది ఏ సంపుటమో చెప్పగలరా?

పాత రికార్డు:
మూడోదండీ. నాలుగు పాటలు, మొదటిది ఉషస్సు మీద. ఆయన 1905 నుంచి 1934లో పోయేదాకా లండన్‌లో ఒక బాలికల బడిలో సంగీతం చెప్పాడు, ఆడగొంతుల గుట్టు ఆయనకు బాగా తెలుసు. ఇంకొకటి. తండ్రి రాలేని దేశానికి కూతురు ఇమోజెన్ వచ్చింది. 1950 చివర్లో శాంతినికేతన్ వెళ్లి, కూర్చుని మన సంగీతం నేర్చుకుంది. ఉషస్సు పాట ఉదయం పూట వినండి, విన్నాక ఇక్కడే రాయండి.