తాళం జారే తంబుర పేజీ: దీని మీద డెవలపర్ల కాన్ఫరెన్స్‌లో మాట్లాడవచ్చా?

విలోమచాపు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో ఒక సంస్థలో తొమ్మిదేళ్లుగా ఫ్రంట్ ఎండ్ డెవలపర్‌గా పనిచేస్తున్నాను. ముప్పై దాటిన తరువాత, అంటే నాలుగేళ్ల క్రితం, కర్ణాటక గాత్రం నేర్చుకోవడం మొదలుపెట్టాను. మా బృందం రోజువారీ సమావేశం అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం 12 గంటలకు, అంటే మనకు రాత్రి 9:30కి జరుగుతుంది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి తిప్పగానే అది 10:30 అవుతుంది. గురువుగారి పాఠం ఉదయం 6 గంటలకు. వేసవిలో ఎలాగో నెట్టుకొచ్చే ఈ రెండూ చలికాలంలో బొత్తిగా పొసగవు. తారషడ్జం దగ్గర గొంతు పగిలినప్పుడల్లా గురువుగారు పాట ఆపించి, "రాత్రి మళ్లీ అమెరికానా?" అని మాత్రం అడుగుతారు.

సాధకానికి మొదట ఫోనులో ఒక ఉచిత యాప్ వాడేవాడిని. ఒకనాడు వర్ణం చరణంలో ఉండగా శ్రుతి ఆగిపోయి, దాని స్థానంలో వంటనూనె ప్రకటన మోగింది. ఆ కోపంలోనే సొంతంగా ఒక వెబ్ పేజీ రాసుకున్నాను. నాలుగు తీగల తంబుర ఒకటి, ఎనిమిది అక్షరాల ఆదితాళానికి అక్షరానికి నాలుగు మాత్రల చొప్పున టిక్కు శబ్దం ఒకటి, అంతే. నా సందేహాలు ఇవి.

అక్షరానికి ఒక సెకను పెట్టి, సాధకం గదిలోని గోడ గడియారం సెకన్ల ముల్లుతో సరిగ్గా కలిపి తాళం మొదలుపెడితే, రెండు మూడు ఆవర్తనాలకే (తాళం ఒక చుట్టు పూర్తయితే ఒక ఆవర్తనం) అది ముల్లు కంటే వెనకబడుతోంది. తంబుర ఆపి, తాళం ఒక్కటే ఉంచి వేరే ట్యాబ్‌కు వెళ్తే లయ పూర్తిగా చెదిరిపోతోంది. ఒక్కో మాత్ర మోగాక, ఇంత సమయం గడిచాక ఫలానా పని చేయమని బ్రౌజరుకు చెప్పే సెట్‌టైమ్‌అవుట్‌తో 250 మిల్లీసెకన్ల తరువాత వచ్చే మాత్రను పిలుస్తున్నాను. ఇక తంబుర సంగతి: లెక్క ప్రకారం స్వరాలు సరిగానే ఉన్నాయి గాని, విన్న గురువుగారు "శ్రుతి ఉన్నట్టే ఉంది, జీవం లేదు" అన్నారు. వీటన్నిటినీ కలిపి ఒక కాన్ఫరెన్స్‌కు అరగంట టాక్‌గా ప్రతిపాదించాలని ఉంది. కాని డెవలపర్ల సభలో దీన్ని సరదా కబురుగా కొట్టిపారేస్తారేమోనన్న బెరుకు వదలడం లేదు. ఆఫీసు అనుమతి తీసుకోవాలా అన్నది చివరి సందేహం.

అర్ధరాత్రి_డిప్లాయ్ జవాబు:

మీ తాళం జారడానికి కారణం మీరు రాసిన ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. సెట్‌టైమ్‌అవుట్ "250 మిల్లీసెకన్లకు పిలుస్తాను" అని మాట ఇవ్వదు. "అంతకంటే ముందు పిలవను" అని మాత్రమే చెబుతుంది. పేజీలో ఆ క్షణాన వేరే పని ఏదైనా నడుస్తుంటే, అది ముగిసే దాకా మీ మాత్ర వాకిట్లో నిలబడుతుంది. ఒక్కో మాత్రకు సగటున 5 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుందనుకోండి. మీరు ప్రతి మాత్రనూ వెనకటి మాత్ర మోగిన సమయం నుంచి లెక్కిస్తున్నారు కనుక ఆ ఆలస్యాలన్నీ పేరుకుంటాయి. ఆవర్తనానికి 32 మాత్రలు కాబట్టి మొదటి ఆవర్తనం ముగిసేసరికి 160 మిల్లీసెకన్లు, రెండోది ముగిసేసరికి 320, అంటే ఒక మాత్రకు మించిన తేడా. గోడ గడియారం మీకు చూపిస్తున్నది ఇదే.

బ్రౌజరులో శబ్దం పుట్టించే వెబ్ ఆడియోకు తనదైన గడియారం వేరే ఉంది. ఆడియోకాంటెక్స్ట్‌లోని కరెంట్‌టైమ్ సౌండ్ కార్డు శాంపిళ్లను లెక్కపెడుతూ నడుస్తుంది. సెకనుకు 48000 శాంపిళ్ల రేటు దగ్గర ఒక్కో శాంపిల్ సుమారు 0.02 మిల్లీసెకన్లు. కాబట్టి శబ్దాన్ని టైమర్ చేత మోగించకండి, టైమర్ చేత ముందుగా రాయించి పెట్టండి. ప్రతి 25 మిల్లీసెకన్లకు ఒకసారి టైమర్ లేచి, రాబోయే 100 మిల్లీసెకన్లలో పడవలసిన మాత్రలేమైనా ఉన్నాయా అని చూసి, ఉంటే వాటి కచ్చితమైన సమయాన్ని శబ్దం మోగించే స్టార్ట్‌కు అందించి మళ్లీ పడుకోవాలి. టైమర్ పది ఇరవై మిల్లీసెకన్లు ఆలస్యంగా లేచినా, అప్పటికే రాసిపెట్టిన మాత్ర తన వేళకు తాను మోగుతుంది. తరువాతి మాత్ర సమయాన్ని "ఇప్పుడు" నుంచి కాక, వెనకటి మాత్రకు నిర్ణయించిన సమయానికి 0.25 సెకన్లు కలిపి లెక్కించడం మాత్రం మరవకండి. అక్కడ తప్పితే ఈ ఏర్పాటంతా వృథా.

కనబడని ట్యాబ్‌లలో బ్రౌజర్లు టైమర్లను సెకనుకు ఒకసారి దాకా తగ్గించేస్తాయి. శబ్దం వినిపిస్తున్న పేజీలకు మినహాయింపు ఉన్నా దాని మీద ఆధారపడడం నాకు ఇష్టం లేదు. పేజీ మరుగున పడగానే ఆ 100 మిల్లీసెకన్లను ఒకటిన్నర సెకన్లకు పెంచండి, లేదా టైమర్‌ను పేజీ వెనక విడిగా నడిచే వర్కర్‌లోకి మార్చండి.

స్వయంభూ జవాబు:

విలోమచాపు గారూ, నేను ఒహాయోలో ఉంటాను, పదిహేనేళ్లుగా ఇదే వృత్తి, వీణ అంతకు ముందు నుంచీ. మీ గురువుగారి మాటలో రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయని నాకు అనిపిస్తోంది.

మొదటిది శ్రుతి. మీరు వాడిన లెక్క కీబోర్డు లెక్క అయి ఉంటుంది, అంటే స్థాయిని 12 సమభాగాలు చేసినది. ఒకటి శ్రుతిలో సారణి, అంటే తంబుర నడిమి తీగల షడ్జం, 130.81 హెర్ట్జ్ అనుకుంటే, ఆ లెక్కలో మంద్ర పంచమం 98.00 దగ్గర నిలుస్తుంది. నిజమైన పంచమం సారణిలో ముప్పాతిక వంతు, అంటే 98.11. ఇంత చిన్న తేడా ఎవరికి వినబడుతుందని మీరు అడగవచ్చు. పంచమం తీగ నాలుగో హార్మోనిక్ (మూల స్వరంతోపాటు పలికే, దానికి నాలుగు రెట్ల స్వరం), సారణి మూడో హార్మోనిక్ 392 ప్రాంతంలో ఒకే చోట కలవాలి. అవి 0.44 హెర్ట్జ్ ఎడంగా ఉంటే, రెండు సెకన్లకు కొంచెం పైగా పట్టే ఒక అల నాదంలో లేచి పడుతూ ఉంటుంది. కళ్లు మూసుకుని వినండి, దొరుకుతుంది. గాంధారం దగ్గర ఈ పొరపాటు ఇంకా పెద్దది: సహజమైన అంతరగాంధారం షడ్జానికి ఐదు బై నాలుగు, కీబోర్డు గాంధారం దానికంటే సుమారు 14 సెంట్లు (స్థాయిలోని 12 సమభాగాల్లో ఒకదానికి నూరో వంతు ఒక సెంటు) ఎక్కువ. మంచి తంబురలో మంద్ర షడ్జం మీటితే ఐదో హార్మోనిక్‌గా ఆ గాంధారం తనంతట తానే పలుకుతుంది. స్వయంభూ గాంధారం అని మన పెద్దలు అనేది దాన్నే. ఇక్కడ నేను పెట్టుకున్న పేరు కూడా అదే.

రెండోది జీవం. గురువుగారు ఆ మాటను అలంకారంగా అన్నారని మీరు అనుకున్నారేమో, అది అక్షరాలా తంబుర భాగమే. వంపు తిరిగిన గుర్రం మీద తీగకు కింద పెట్టే దూది దారాన్ని జీవ అంటారు. ఆ దారాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపితే నాదం ఒక్కసారిగా తెరుచుకుంటుంది. మీటిన చోట నిశ్చలంగా ఉండవలసిన హార్మోనిక్‌లు సైతం ఈ వంపు వల్ల గట్టిగా వినబడతాయని, తీగల గురించి అప్పటి దాకా ఉన్న నియమం తంబుర, వీణల దగ్గర చెల్లడం లేదని 1921లో సి.వి. రామన్ రాశారు. స్వరాన్ని పుట్టించే మీ ఆసిలేటర్‌కు గుర్రమూ లేదు, దారమూ లేదు. 1983లో వచ్చిన కార్‌ప్లస్–స్ట్రాంగ్ పద్ధతిని ప్రయత్నించి చూడండి. చిన్న రొద తునకను ఒక డిలే (శబ్దాన్ని కాసేపు ఆపి వదిలే భాగం) చుట్టూ తిప్పుతూ, తిరిగిన ప్రతిసారీ కొంచెం మెత్తబరిస్తే మీటిన తీగ శబ్దం వస్తుంది. వెబ్ ఆడియోలో ఇలా చక్రంలో ఉంచిన డిలే నోడ్ 128 శాంపిళ్ల కంటే తక్కువకు దిగదు కనుక 375 హెర్ట్జ్ దాటిన స్వరాలు దానితో కుదరవు, అయితే తంబుర తీగలన్నీ అంతకు కిందే ఉంటాయి. నేను మాత్రం చివరికి ఆ ప్రయత్నం మానుకుని, మా అమ్మ తంబురను బీరువా పక్కన నిలబెట్టి, నాలుగు తీగలనూ విడివిడిగా రికార్డు చేసి వాడుకుంటున్నాను. ఒక రికార్డింగులో వెనకాల కుక్కర్ కూత సన్నగా వినబడుతుంది, ఉండనీ అని వదిలేశాను.

కాన్ఫరెన్స్‌ల విషయంలో నేను మంచి సలహాదారును కాను. ఉన్న కాసిని సెలవులనూ 1978 నుంచి జరుగుతున్న క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధనకే దాచుకుంటాను. ఒక ఏడాది త్యాగరాజు ఐదు పంచరత్న కృతుల గోష్ఠిలో మొదటిదైన నాట ముగిసి గౌళ అందుకునేలోగా ఫోను మోగింది. కారు పార్కింగులో, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, ఒక చెల్లింపు పేజీని వెనకటి వెర్షన్‌కు మార్చి తిరిగి వచ్చేసరికి శ్రీరాగం నడుస్తోంది. నడుమ మూడు కృతులూ పోయాయి.

అతీత_ఎడుపు జవాబు:

కొంచెం ఆలస్యంగా అందుకుంటున్నాను. ఒక కాన్ఫరెన్స్‌కు వచ్చే ప్రతిపాదనలను చదివి ఎంపిక చేసే బృందంలో రెండేళ్లు ఉన్నాను కనుక ఆ ప్రశ్నకు జవాబు చెబుతాను.

సంగీతానికీ ప్రోగ్రామింగుకూ పోలికలు చెబుతామనే ప్రతిపాదనలు మాకు ఏటా వచ్చేవి. రాగం ఫంక్షన్ లాంటిదని, మేళకర్త రాగాలు 72 కాబట్టి అదొక డేటా స్ట్రక్చర్ అని. వాటిని పక్కన పెట్టేవాళ్లం. పాడేవారికి దాని వల్ల ఒక సంగతి కూడా కొత్తగా తెలియదు, కోడు రాసేవారికి ఒక పంక్తి కూడా దొరకదు. మీ దగ్గర ఉన్నది వేరు. గోడ గడియారంతో పోటీపడి ఓడిపోయిన తాళం ఉంది, దానికి కారణం ఉంది, పరిష్కారం ఉంది. ప్రతిపాదన మొదటి వాక్యంలో ఆ గడియారాన్నే పెట్టండి. మీ అభిరుచి గురించి, గురువుల గురించి ఒక్క వాక్యం చాలు. స్వయంభూ గారు చెప్పిన పంచమం సంగతిని చివరి ఐదు నిమిషాలకు అట్టిపెట్టి, రెండు పంచమాలూ వినిపించండి. తేడా తమ చెవులకే తెలిసినప్పుడు సభలో ఒక్కరూ ఫోను చూడరు.

అరగంట అంటే బెరుకుగా ఉంటే ముందు లైట్నింగ్ టాక్ ప్రయత్నించవచ్చు. 2018లో పైథాన్ డెవలపర్ల సభ పైకాన్ ఇండియా మన హైదరాబాదులో జరిగింది. అలాంటి సభల్లో ఐదేసి నిమిషాల మాటలకు పెద్ద ప్రతిపాదన అక్కర లేదు, అక్కడికక్కడే పేరు ఇస్తే సరిపోతుంది.

శబ్దంతో డెమో చేసేవారికి నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను ఒక సభలో మృదంగం జతుల మీద చిన్న ప్రదర్శన ఇచ్చాను. హెచ్‌డీఎంఐ తీగ గుచ్చగానే లాప్‌టాప్ శబ్దం ప్రొజెక్టరుకు వెళ్లిపోయింది, ఆ ప్రొజెక్టరుకు స్పీకరు లేదు. అది సరిచేసుకునే కంగారులో పేజీని రిఫ్రెష్ చేశాను. పేజీ మీద ఎవరైనా నొక్కే దాకా క్రోమ్ ఆడియోకాంటెక్స్ట్‌ను నిద్రలోనే ఉంచుతుంది. 2018 డిసెంబరులో వచ్చిన 71వ వెర్షన్ నుంచి ఇదే పద్ధతి. ఆ సంగతి నాకు తెలుసు, అయినా తెర మీద మాత్రలు మెరుస్తుంటే, శబ్దం లేకుండా, నిమిషం సేపు వాటినే చూస్తూ నిలబడ్డాను. ముందు వరుసలో ఒక పెద్దాయన జాలిపడి తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టారు. కాబట్టి పేజీలో "మొదలుపెట్టు" అని పెద్ద బటన్ ఒకటి ఉంచి, ఆడియోను నిద్రలేపే రిజ్యూమ్‌ను దాని నుంచే పిలవండి, ఆడియో తీగ మీరే తీసుకెళ్లండి, డెమోను వీడియోగా కూడా దాచుకోండి. బ్లూటూత్ స్పీకరు జోలికి పోవద్దు. తెర మీద మాత్రకూ చెవికి వినబడే మాత్రకూ మధ్య ఆలస్యం అందరికీ తెలిసిపోతుంది.

అనుమతి మాట: మీ నియామక ఒప్పందంలో మేధో హక్కుల నిబంధనను ఒకసారి చదివి, సొంత లాప్‌టాప్‌లో, సొంత సమయంలో చేసిన పని అని వివరిస్తూ మేనేజరుకు మెయిల్ పెట్టండి. నోటిమాట అనుమతి, ఆ మేనేజరు వేరే సంస్థకు వెళ్లిన రోజున వారితోపాటే వెళ్లిపోతుంది.

మిశ్రనడ జవాబు:

నేను మృదంగం వాయిస్తాను, కోడు రాయడం జీతం కోసం. ఒక్క మాట. టిక్కు శబ్దాన్ని కచ్చితం చేయండి, తప్పులేదు. కాని సాధకమంతా దాని మీదే చేయవద్దు. చేత్తో తాళం వేయకుండా యంత్రానికి అప్పగించిన విద్యార్థులకు, టిక్కు ఆపగానే రెండో ఆవర్తనంలోనే వేగం పెరగడం నేను చాలాసార్లు చూశాను. మీ పేజీలో ఒక సౌకర్యం పెట్టండి: నాలుగు ఆవర్తనాలు మోగాలి, నాలుగు నిశ్శబ్దంగా ఉండాలి, ఆ తరువాత సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) దగ్గర మళ్లీ మోగాలి. మీ సమం ఎక్కడ పడిందో అప్పుడు తెలుస్తుంది.

విలోమచాపు:

అందరికీ కృతజ్ఞతలు. శనివారం కూర్చుని టైమర్ మార్చాను. పది నిమిషాలు, అంటే 75 ఆవర్తనాలు, గోడ గడియారం ఎదుట నిలబడి చూశాను. చివరి సమం కూడా ముల్లుతోనే పడింది. స్వయంభూ గారూ, పంచమాన్ని 98.00 నుంచి 98.11కు మార్చిన వెంటనే ఆ అల పోయింది. ఇన్నాళ్లూ దాన్ని నా హెడ్‌ఫోన్ లోపం అనుకున్నాను. జీవం మాత్రం నా డిలే చక్రానికి ఇంకా రాలేదు, పూర్తిగా మెత్తబరిస్తే గిటారులా, తక్కువ మెత్తబరిస్తే రేకు డబ్బాలా వస్తోంది. గురువుగారి తంబురను రికార్డు చేసుకోవడానికి అనుమతి అడిగాను, వచ్చే ఆదివారం రమ్మన్నారు.

మిశ్రనడ గారు చెప్పిన నిశ్శబ్ద ఆవర్తనాలు పెట్టాను. నాలుగు నిశ్శబ్ద ఆవర్తనాల తరువాత నా సమం దాదాపు ఒక అక్షరం ముందే పడుతోంది, ఈ సంగతి గురువుగారికి ఇంకా చెప్పలేదు. మేనేజరుకు మెయిల్ పెట్టాను, సంస్థ పేరు స్లయిడ్లలో వేయకూడదన్న ఒక్క షరతుతో సరేనన్నారు. లైట్నింగ్ టాక్‌తోనే మొదలుపెడతాను. నవంబరు నుంచి పాఠం 6:45కి మార్చమని కూడా పనిలో పనిగా గురువుగారిని అడిగేశాను. ఒప్పుకున్నారు. పేజీని ఆయన ఫోనులో తెరిచి వినిపిస్తే చాలాసేపు విని, "మధ్యలో నూనె ప్రకటన రాదు కదా?" అని అడిగారు.