పైత్యరసం కడుపులోకి వెనక్కి రావడానికి పేగుల కదలికలకు సంబంధం ఏమిటి?

ప్రశ్న:
ఇటీవల ఎండోస్కోపీ చేసినప్పుడు నా కడుపులో పైత్యరసం (కాలేయంలో తయారై జీర్ణానికి తోడ్పడే ద్రవం) నిలిచి ఉందని, లోపలి పొర కొద్దిగా ఎర్రబడిందని రిపోర్టులో రాశారు. చిన్నపేగు మొదటి భాగమైన డుయోడినంలోకి చేరి అక్కడి నుంచి కిందికి పోవలసిన ద్రవం పైకి ఎందుకు వస్తుంది? కడుపు చివర ఉండే పైలోరస్ కండరం సరిగా మూసుకోకపోవడమే కారణమా, లేక పేగుల కదలికల్లోనే తేడా ఉంటుందా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
పైలోరస్‌ను ఒక్కదాన్నే తప్పుపట్టలేమండి. ఆరోగ్యంగా ఉన్నవారిలో కూడా కొంత పైత్యరసం అప్పుడప్పుడు కడుపులోకి వస్తూనే ఉంటుంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు కడుపులోనూ చిన్నపేగులోనూ సుమారు 90 నుంచి 120 నిమిషాలకు ఒకసారి తిరిగి మొదలయ్యే ఒక కదలికల క్రమం నడుస్తుంది. మొదట కొంతసేపు దాదాపు నిశ్చలంగా ఉంటుంది, ఆ తరువాత లయ లేని సంకోచాలు మొదలవుతాయి, చివరికి కొద్ది నిమిషాలపాటు కడుపు నిమిషానికి 3 సార్లు, డుయోడినం 11 లేదా 12 సార్లు బలంగా, ఒకే లయలో ముడుచుకుంటాయి. లయ లేని ఆ నడిమి దశలోనే పిత్తాశయం (పైత్యరసాన్ని నిల్వ ఉంచే సంచి) కొంత పైత్యరసాన్ని వదులుతుంది. అదే సమయంలో కడుపు చివరి భాగం, పైలోరస్, డుయోడినం ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ముడుచుకుంటే ఆ రసం పైకి ఎగదన్నుతుంది. డుయోడినంలో కొన్ని సంకోచాలు సహజంగానే వెనక్కి నడుస్తాయి కూడా. ఇలా వచ్చినదాన్ని తరువాతి బలమైన దశ చీపురుతో ఊడ్చినట్టు కిందికి తోసేస్తుంది. నా దృష్టిలో అసలు చూడవలసినది ఇదే: పైత్యం వచ్చిందా అన్నదానికన్నా, వచ్చినది ఎంతసేపు నిలిచిపోయింది అన్నది ముఖ్యం.

జవాబు 2:
పై వివరణకు కొంత జోడిస్తాను. పిత్తాశయం తొలగించినవారిలో పైత్యరసాన్ని నిల్వ ఉంచే చోటు లేక అది రోజంతా డుయోడినంలోకి కారుతూ ఉంటుంది కనుక వెనక్కి వచ్చే అవకాశం పెరుగుతుంది. పైలోరస్‌ను తీసివేసిన కడుపు ఆపరేషన్ల తరువాత ఈ బాధ మరింత తీవ్రంగా ఉండవచ్చు. దీర్ఘకాల మధుమేహంలో నరాలు దెబ్బతింటే కడుపు ఖాళీ కావడం మందగిస్తుంది, కనుక వెనక్కి వచ్చిన పైత్యం ఎక్కువసేపు నిలిచిపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. నాకు ఆపరేషన్లేవీ జరగలేదు, మధుమేహమూ లేదు. ఆమ్లం తగ్గించే మాత్రలతో ఇది ఆగుతుందా?

జవాబు 3:
ఆ మాత్రలు ఆమ్లాన్ని తగ్గిస్తాయే గాని పైత్యం రాకను నేరుగా ఆపవు. అయితే ఆమ్లమూ పైత్య లవణాలూ కలిసినప్పుడు లోపలి పొరకు హాని ఎక్కువ కాబట్టి కొందరికి వాటితో ఉపశమనం కలుగుతుంది. కదలికలను సరిచేసే మందులు, పైత్యరసం స్వభావాన్ని మార్చే అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం వంటివి వైద్యులు అవసరాన్ని బట్టి ఇస్తారు. ఒక విషయం మాత్రం గమనించండి: ఎండోస్కోపీ గొట్టం లోపలికి వెళ్లేటప్పుడు వచ్చే వికారానికే పైత్యం కడుపులోకి ఎగజిమ్మవచ్చు, కనుక అది కనిపించినంత మాత్రాన జబ్బు అని తేల్చలేరు. ఎర్రబడటానికి హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా గాని, నొప్పి మాత్రలు గాని కారణమేమో ముందుగా మీ వైద్యుణ్ణి అడగండి.