అప్‌డేట్: అమ్మ గురించి రాయడం మొదలుపెట్టాక

అమ్మ పోయిన దుఃఖం రాస్తే తగ్గుతుందా, లేక గాయాన్ని కెలికినట్టవుతుందా అని నాలుగు నెలల క్రితం ఇక్కడ అడిగాను. మనసును గాయపరిచిన అనుభవాల గురించి రాయించి, 1986లో మనస్తత్వ పరిశోధకులు పెన్నెబేకర్, బీల్ ప్రచురించిన ప్రయోగంలో మాదిరిగా, రోజుకు 15 నిమిషాల చొప్పున వరుసగా నాలుగు రోజులు, తప్పులు దిద్దుకోకుండా రాయమని మీలో ఒకరు సూచించారు.

మొదటి రెండు రోజులూ ఆసుపత్రి గురించే రాసి, ఏడ్చి, నోటుపుస్తకం మూసేశాను. ఆ ప్రయోగంలో పాల్గొన్నవారికి కూడా రాసిన వెంటనే దిగులు పెరిగిందని తెలియడం వల్లనే ఆపకుండా కొనసాగించాను. మూడో రోజు, ఎందుకో గాని, కార్తీకమాసపు చలిలో తిరుపతి కపిలతీర్థం జలపాతం కింద అమ్మ నా చేయి గట్టిగా పట్టుకుని నిలబెట్టిన ఉదయమూ, ఇంటికొచ్చాక రాగిసంగటిలోకి ఆమె రోట్లో నూరిన ఊరుబిండి వాసనా కలం కిందికి వచ్చాయి. నాలుగో రోజు అదే ఉదయాన్ని అమ్మ గొంతుతో, ఆమె చిత్తూరు యాసలో, కథగా రాశాను. నాకు నిజంగా ఊరటనిచ్చింది ఆ కథే.

దుఃఖం పోలేదు, కానీ నిద్ర పడుతోంది. అమ్మ పేరెత్తితేనే లేచి వెళ్ళిపోయే నాన్నకు గత ఆదివారం ఆ కథ చదివి వినిపించాను. చివరిదాకా కూర్చుని విని, “ఆ రోజు మీ అమ్మ కట్టుకున్నది పచ్చచీర కాదు, నీలంది” అన్నారు.