ఇన్‌ఫ్లిక్సిమాబ్ లెవెల్ టెస్టు: రక్తం ఎప్పుడివ్వాలి, రిపోర్టు వచ్చాక ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మా తమ్ముడికి క్రోన్స్ జబ్బు (పేగుల్లో మంట, అంటే లోపలి వాపు, వచ్చే దీర్ఘకాలిక జబ్బు). ఎనిమిది వారాలకోసారి ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎక్కిస్తున్నారు. మొదట్లో మందు అద్భుతంగా పనిచేసింది. ఒళ్లు పట్టాడు, మళ్లీ ఉద్యోగంలో చేరాడు. ఈమధ్య ఆరో వారం దాటగానే కడుపునొప్పి, విరేచనాలు మొదలవుతున్నాయి. మందు ఎక్కించాక మళ్లీ సర్దుకుంటోంది. డాక్టర్‌గారు డ్రగ్ లెవెల్ (రక్తంలో మందు ఎంత ఉందో చూసేది), యాంటీబాడీ టెస్టు రాశారు. ఖరీదు చూస్తే గుండె గుభేలుమంది. టెస్టుకి పెట్టే డబ్బుతో వేరే కంపెనీ ఇన్‌ఫ్లిక్సిమాబ్ వేయించి చూడమని చుట్టాలు అంటున్నారు. టెస్టు నిజంగా అవసరమా? మందు ఎక్కించిన వారానికి రక్తం ఇవ్వొచ్చా?

జవాబు:
నేను గ్యాస్ట్రో విభాగం డేకేర్‌లో స్టాఫ్ నర్సుని. ఈ మందు రోజూ నా చేతుల మీదుగానే ఎక్కుతుంది. డాక్టర్‌గారు రాసిన టెస్టు తప్పకుండా చేయించండి. ఈ జబ్బుకి ఉన్న మందులే తక్కువ, పనిచేస్తున్నదాన్ని ఊరికే పోగొట్టుకోకూడదు.

మందు పట్టు తప్పడానికి కారణం ఒకటే ఉండదు. ఒంట్లోంచి మందు త్వరగా ఖర్చయిపోతూ ఉండొచ్చు. మంట ఎక్కువగా ఉన్నా, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తక్కువున్నా అలా అవుతుంది. లేదా శరీరం ఆ మందు మీదే యాంటీబాడీలు (మందుని పట్టి పనిచేయనివ్వని ప్రోటీన్లు) తయారుచేసి ఉండొచ్చు. మందు సరిపడా ఉన్నా జబ్బు టీఎన్ఎఫ్‌ని (మంట రేపే ప్రోటీన్, ఈ మందు ఆపేది దాన్నే) దాటి వేరే దారిన నడుస్తూ ఉండొచ్చు. బయటికి కనిపించే బాధ మూడింటిలోనూ ఒకటే, వైద్యం మాత్రం మూడు రకాలు. మీవాడికి చివరి రెండు వారాల్లోనే బాధ వస్తోందంటే మొదటిదో రెండోదో అనిపిస్తుంది. ఆ రెంటిలో ఏదో తేల్చేది ఈ టెస్టే.

వారానికే రక్తం ఇస్తే డబ్బు దండగ. మందు ఎక్కిన కొత్తలో ఎవరికైనా లెవెల్ ఎక్కువే చూపిస్తుంది. మనకి కావాల్సింది అడుగంటిన లెవెల్, అంటే తర్వాతి డోసుకి సరిగ్గా ముందున్నది. ఎక్కించే రోజే, బాటిల్ తగిలించకముందే శాంపిల్ తీయమని డేకేర్‌లో అడుగుపెట్టగానే సిస్టర్‌కి చెప్పండి. హడావిడిలో డ్రిప్ మొదలైపోతే ఆ శాంపిల్ ఇక పనికిరాదు. ఫారం మీద కిందటి డోసు తేదీ, ఎన్ని మిల్లీగ్రాములు, మందు బ్రాండు పేరు, అజాథయోప్రిన్ (రోగనిరోధక శక్తిని అణిచే మందు) వాడుతుంటే ఆ సంగతీ రాయించండి.

ఇక కంపెనీ మార్చడం గురించి. ఒరిజినల్ మీద పుట్టిన యాంటీబాడీలు బయోసిమిలర్‌నీ, అంటే వేరే కంపెనీ చేసిన అదే రకం మందునీ, పట్టేస్తాయి. కారణం అదే అయితే బ్రాండు మార్చి లాభం లేదు. తోడుగా మలంలో కాల్‌ప్రొటెక్టిన్, రక్తంలో సీఆర్పీ కూడా చూపించండి, ఈ రెండూ మంట ఉందో లేదో చెప్పే పరీక్షలు. బాధ ఉన్నంత మాత్రాన మంట ఉన్నట్టు కాదు. పేగు సన్నబడినా తిన్న తర్వాత మెలిపెట్టే నొప్పి వస్తుంది, దానికి డోసు పెంచితే తగ్గదు. సి. డిఫిసిల్ అనే బాక్టీరియా ఇన్ఫెక్షన్ ఉన్నా విరేచనాలు ఇలాగే అవుతాయి. సాయంత్రం జ్వరం, దగ్గు, బరువు తగ్గడం ఉంటే ముందు టీబీ సంగతి తేల్చుకోవాలి. మన దగ్గర ఈ మందు వాడేవాళ్లు దీన్ని ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకూడదు.

ప్రశ్న అడిగినవారు:
సిస్టర్‌గారూ, మీరు చెప్పినట్టే డోసుకి ముందే ఇచ్చాం. లెవెల్ 1.8, యాంటీబాడీలు లేవు. కాల్‌ప్రొటెక్టిన్ 640. మలంలో ఇన్ఫెక్షన్ ఏమీ లేదన్నారు. బరువు 58 కిలోలు, ప్రతిసారీ 300 మిల్లీగ్రాములు ఎక్కిస్తున్నారు.

జవాబు:
చాలా స్పష్టమైన రిపోర్టు ఇది. మంట ఉంది, మందు తక్కువైంది, యాంటీబాడీ అడ్డం లేదు. జబ్బు చురుగ్గా ఉన్నవాళ్లలో ఇన్‌ఫ్లిక్సిమాబ్ మిల్లీలీటరు రక్తద్రవానికి కనీసం 5 మైక్రోగ్రాములు ఉండేలా చూడమని అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజీ అసోసియేషన్ 2017లో చెప్పింది. ఫిస్టులా (పేగు నుంచి పక్క భాగానికి పడే అసహజమైన దారి) ఉన్నవాళ్లకి 10 పైన ఉంటే మేలని చాలామంది డాక్టర్లు చూస్తారు. మీవాడిది 1.8 కాబట్టి మందు ఓడిపోయిందని అనుకోకండి, చాలినంత అందలేదంతే.

డాక్టర్‌గారు డోసు పెంచొచ్చు, లేదా గడువు తగ్గించొచ్చు. ఖర్చు మీకు భారమన్నారు కదా, లెక్క వేసుకుని వెళ్లండి. 100 మిల్లీగ్రాముల వయల్స్ ఇప్పుడు 24 వారాలకి 9 పడుతున్నాయి. ఇదే డోసు ఆరు వారాలకోసారి అయితే 12. ఎనిమిది వారాలే ఉంచి డోసు రెట్టింపు చేస్తే 18. ఏది సరిపోతుందో నిర్ణయం డాక్టర్‌దే, కానీ డబ్బు సంగతి నోరు తెరిచి చెప్పండి. చెప్పలేక మధ్యలో డోసు మానేసేవాళ్లని చూస్తుంటే నాకు చాలా బాధేస్తుంది. మానేసి చాలాకాలం తర్వాత మళ్లీ మొదలుపెడితే యాంటీబాడీలకీ, ఎక్కించేటప్పుడు రియాక్షన్‌కీ ఆస్కారం పెరుగుతుంది.

మరో సభ్యుడు:
సిస్టర్, మా నాన్నగారికి లెవెల్ దాదాపు సున్నా, యాంటీబాడీలు బాగా ఎక్కువ అని వచ్చింది. మాకూ డోసు పెంచితే చాలా?

జవాబు:
యాంటీబాడీలు అంత ఎక్కువున్నప్పుడు ఎంత పోసినా నిలవదండీ. కొద్దిగా ఉంటే డోసు పెంచీ, అజాథయోప్రిన్ కలిపీ అణచడానికి ప్రయత్నిస్తారు. మీ నాన్నగారి విషయంలో మందే మార్చాల్సి రావొచ్చు. అడాలిముమాబ్ కూడా టీఎన్ఎఫ్ మందే అయినా వేరే అణువు, కాబట్టి ఇన్‌ఫ్లిక్సిమాబ్ మీది యాంటీబాడీలు దాన్ని పట్టవు. దాంతోపాటు అజాథయోప్రిన్ ఇస్తామంటే, ముందు ఎన్‌యూడీటీ15 జన్యు పరీక్ష గురించి అడగండి. అందులో తేడా ఉన్నవాళ్లకి తెల్లకణాలు ఒక్కసారిగా పడిపోతాయి, ఆ తేడా యూరప్ వాళ్లకంటే ఆసియా వాళ్లలో ఎక్కువ.

మరో సభ్యురాలు:
నేను ఇన్‌ఫ్లిక్సిమాబ్ మీద బాగానే ఉన్నాను. నేను కూడా లెవెల్ చూపించుకుంటూ ఉండాలా?

జవాబు:
డాక్టర్లలోనే దీనిమీద ఏకాభిప్రాయం లేదు. నార్వేలో రుమటాయిడ్, సోరియాసిస్ రోగులతోపాటు పేగు జబ్బులవాళ్లనీ కలిపి చూసి 2021లో ప్రచురించారు. నిలకడగా ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడుతూ క్రమం తప్పకుండా లెవెల్ చూసుకున్నవాళ్లలో సుమారు 74 శాతం మందికి ఏడాదిపాటు జబ్బు అదుపులో ఉంది, చూడనివాళ్లలో 56 శాతం మందికే. చికిత్స మొదలుపెట్టిన కొత్తలో మాత్రం అలాంటి లాభం కనిపించలేదు. డబ్బుకి ఇబ్బంది లేకపోతే ఏడాదికోసారి చూపించుకోవడం మంచిదేనని నా ఉద్దేశం. చేయిస్తే ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి. పద్ధతి మారితే అంకెలు మారతాయి, పాత రిపోర్టుతో పోల్చి చూడలేం.

ప్రశ్న అడిగినవారు:
ఆరు వారాలకి మార్చారు సిస్టర్. రెండు డోసులయ్యాక మళ్లీ లెవెల్, కాల్‌ప్రొటెక్టిన్ చూద్దామన్నారు. వయల్స్ లెక్క కాగితం మీద రాసుకెళ్లి చూపించాను. అది చూశాకే డోసు పెంచకుండా ముందు గడువు తగ్గించి చూద్దామన్నారు.