ఏడో తరగతికి గిరాకీ, సరఫరా ఎట్ల చెప్పాలె?

ప్రశ్న: నల్లగొండ దిక్కు బడి. పిల్లలు నిర్వచనం ఒప్పజెప్తరు గని, బత్తాయి ధర ఎందుకు పెరిగిందంటే "వ్యాపారి పెంచిండు" అంటరు. ఒక్క పీరియడ్‌ల అయ్యేది ఏదన్న చెప్పండి.

జవాబు: పది చీటీలు రాయండి సార్. కొనేటోళ్లకు 60, 50, 40, 30, 20: కిలోకు అంతకు మించి పెట్టొద్దు. అమ్మేటోళ్లకు 10, 20, 30, 40, 50: అంతకు తక్కువకియ్యొద్దు. చీటీ ఎవ్వరికీ చూపియ్యొద్దు, కుదిరిన ధర బోర్డు మీద రాయాలె. మొదటి ఆటల ధరలు చెల్లాచెదురుగ ఉంటయ్. అక్కడ ఆపితే అంతా వృథా. మూడు సార్లు ఆడిస్తే 30–40 మధ్యకొస్తయ్. అప్పుడు కాయ రాలిపోయిందని చెప్పి అమ్మేటోళ్ల 10, 20 చీటీలు తీసేయండి. ధర 40–50 దిక్కు పోతది. ఎవ్వరూ పెంచలే, సరుకు తగ్గింది.

ఇంకో జవాబు: చివరి ఆటల కొనేటోళ్లల 20 చీటీ పిల్లకు కాయ దొరకది. ఆమెనే అడగండి, వద్దనుకున్నవా అని. కావాలె గని పైసలు చాలలే. కోరిక వేరు, గిరాకీ వేరు అని అక్కడ్నే చెప్పండి.

ప్రశ్న అడిగినవారు: మంచిగుంది. మరి అవకాశ వ్యయం?

జవాబు: ఒకటి ఎంచుకుంటే వదులుకున్న వాటిల అన్నిటికన్న మంచిదాని విలువే అవకాశ వ్యయం. పిల్లలు వదులుకున్నవన్నీ కూడుతరు, అదే తప్పు. ఎకరంల పత్తి పెట్టినం. ఖర్చులు పోను వరికి 20 వేలు, కందికి 15 వేలు మిగిలేదనుకోండి. అవకాశ వ్యయం 20 వేలే, 35 కాదు. అదే చెల్కల రెండూ ఒకేసారి ఎట్ల పెడ్తం?